పాలు తాగని బిడ్డకు మన పళ్లెంలోనే బలం

(ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా నల్లపాడులో మన సంఘం జరిపిన తల్లుల సభలో ఒక అంగన్‌వాడీ టీచరు చేసిన ప్రసంగ పాఠం)

బిడ్డలు ఏడిస్తే బయటికి వెళ్లాల్సిన పని లేదమ్మా. ఏడవనీయండి. ఈ సభ వాళ్ల కోసమే.

నన్ను మన సంస్కృతి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పాట గురించి, ఆట గురించి, దేవుళ్ల గురించి నాకన్నా ముందు మాట్లాడినవాళ్లు బాగా చెప్పారు. నాకు తెలిసింది పిల్లల తిండి. తిండి కూడా సంస్కృతే అని నేను నమ్ముతాను. అందుకే తల్లులు మా సెంటరుకు వచ్చి నన్ను ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఒకటి తీసుకుని మాట్లాడతాను. "టీచరమ్మా, మావాడు పాలు ముట్టడు. ఎముకలకు బలం ఎట్లా వస్తది?"

ఈ ప్రశ్న మా ఇంట్లోనే ముందు పుట్టింది. నా కూతురు కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. దాని కొడుక్కి ఏడాదిన్నర దాటాక తల్లిపాలు మానిపించింది. గ్లాసుతో గేదెపాలు పడితే మూతి తిప్పుకున్నాడు. పంచదార వేసినా తాగలేదు. సీసాలో పోస్తే సీసా విసిరేశాడు. ఒకరోజు ముక్కు మూసి పోశారు. వాడు ఉక్కిరిబిక్కిరై మొత్తం కక్కేశాడు. ఆ రోజు నుంచి తెల్లగా ఏది కనపడినా ఏడుపే.

ఎవరో చెప్పారని నా కూతురు మందుల షాపులో ఒక డబ్బా పొడి కొనుక్కొచ్చింది. దాని రెండు రోజుల కూలి ఆ డబ్బాకి పోయింది. ఆ పొడి కూడా పాలల్లోనే కలపాలి. పాలే తాగనివాడు పొడి ఎట్లా తాగుతాడు? నేను ఊళ్లో పిల్లలందరికీ బరువులు చూసే మనిషిని. నా మనవడి దగ్గర నాకూ ఏం తోచలేదు.

అప్పుడు మా అమ్మ మంచం మీద నుంచి ఒక మాట అంది. "వాడు పాలొద్దంటే పాలే కావాలా? నిన్ను నేను పాలు పోసి పెంచానా ఏందే?"

నిజమే. మేం యానాదులం. మా అమ్మది తెనాలి వైపు కాలవ గట్టు. మాకు గొడ్డు లేదు, పాలు కొనే స్తోమత లేదు. కాలవలో పట్టిన చిన్న చేపలు, పరిగెలు, ఎండబెట్టిన మెత్తళ్లు తిన్నాం. తమలపాకు తోటల్లో తీగ పాకించడానికి అవిసె చెట్లు వేస్తారు కదా, తోటకాపు కొమ్మ నరికినప్పుడు ఆ ఆకు తెచ్చుకుని పప్పులో వేసుకున్నాం. రాగి సంకటి, జొన్న సంకటి తిన్నాం. పండక్కి నువ్వులు, బెల్లం రోట్లో వేసి దంచిన చిమ్మిలి పెట్టేది మా అమ్మ.

ఇది చెప్పి, పాతకాలం అంతా బంగారం అని నేను అనను. మా అమ్మకు ఏడుగురం పుడితే అయిదుగురం మిగిలాం. టీకాలు లేవు, మంచినీళ్లు లేవు. ఆ రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. కానీ ఆ కూట్లో ఉన్న బలాన్ని మాత్రం మనమే పారేసుకున్నాం. ఎందుకు పారేసుకున్నామో కూడా చెబుతాను.

నేను బడికి పోయే రోజుల్లో నా దగ్గర చేపల వాసన వస్తుందని పక్కన కూర్చోనిచ్చేవాళ్లు కాదు. ఎలుకలు తినేవాళ్లని నవ్వేవాళ్లు. అందుకని నా కూతురు బడికి పోయేటప్పుడు దాని క్యారేజీలో నేను ఎప్పుడూ చేప పెట్టలేదు. తెల్లన్నం, పచ్చడి పెట్టి పంపించాను. నలుగురిలో పరువుగా ఉంటుందనుకున్నాను. మనలో కొన్ని జాతుల మీద వేసిన నేర జాతుల చట్టం 1952లో పోయింది. మన తిండి మీద వేసిన మచ్చని మాత్రం నా చేతులతో నేనే మోశాను. ఆ మచ్చ వల్లే నా కూతురికి చిన్న చేప పులుసు చేయడం రాదు. చేప సంగతి తెలియకనే డబ్బా కొనుక్కుంది. తప్పు దానిది కాదు.

ఇక అసలు లెక్కకి వద్దాం. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వాళ్లు 2020లో చెప్పిన లెక్క ప్రకారం ఏడాది నుంచి మూడేళ్ల లోపు బిడ్డకు రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. నూరు మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 120 ఉంటుంది. అంటే రెండు గ్లాసుల పాలు తాగితే బిడ్డకు దాదాపు సరిపోతుంది. అందుకే డాక్టర్లు పాలు పాలు అంటారు. అందులో తప్పు లేదు. తాగే బిడ్డకు పాలు మంచివే.

తాగని బిడ్డ సంగతి చూద్దాం. అదే సంస్థ 2017లో మన దేశపు తిండి గింజలు, ఆకులు, కూరలు అన్నీ పరీక్ష చేసి పట్టికలు అచ్చేసింది. అందులో నూరు గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాములు. అదే బరువు పాలకన్నా మూడు రెట్లు. మునగాకులో 314. కరివేపాకులో 659. అవిసాకులో 901. తెల్ల నువ్వుల్లో 1283, నల్ల నువ్వుల్లో ఇంకా ఎక్కువ. మనం మూడుపూటలా తినే తెల్లన్నం బియ్యంలో ఎంతో తెలుసా? నూరు గ్రాములకు పది కూడా లేదు. నేను నా కూతురి క్యారేజీలో పెట్టి పంపించింది ఆ పదే.

పట్టికలో ఉన్నదంతా బిడ్డ ఒంటికి పట్టదు. పాలలో కాల్షియం అయినా మూడో వంతే పడుతుంది. ఆకుల్లో, గింజల్లో కొన్ని పదార్థాలు కాల్షియాన్ని పట్టుకుని వదలవు. పాలకూరలో ఉన్న ఆక్సలేటు అట్లాంటిది. పాలకూరలో కాల్షియం కనపడుతుంది గానీ బిడ్డకు అందేది చాలా తక్కువ. పేరులో పాలు ఉన్నాయని మోసపోకండి. తోటకూరలో కూడా ఆక్సలేటు ఉంది. తినండి, మంచిదే, దాని మీదే ఆధారపడకండి. మునగాకు నయం.

మరి ఎట్లా పెట్టాలి? మా ఇంట్లో మేం చేసిన పద్ధతి చెబుతాను. వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.

మొదటిది రాగి జావ. రాగులనండి, చోళ్లనండి, తైదలనండి, ఒకటే. రాత్రి నానబెట్టి, పొద్దున గుడ్డలో మూటకట్టి మొలకెత్తించండి. నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించండి. మొలకెత్తిస్తే బలం ఒంటికి బాగా పడుతుంది, బిడ్డకు అరుగుతుంది. ముప్ఫై గ్రాముల పిండి అంటే సుమారు మూడు పెద్ద చెంచాలు. బెల్లం వేసి జావ కాస్తే దానిలో 110 దాకా వస్తుంది. మరీ పల్చగా కాయొద్దు. బిడ్డ పొట్ట చిన్నది, నీళ్లతో నిండిపోతుంది.

రెండోది పెరుగు. పాలు వద్దన్న బిడ్డల్లో చాలామంది పెరుగు తింటారు. పుల్లదనం వాళ్లకు ఇష్టం. పాలు పడక కడుపు ఉబ్బే బిడ్డలకు కూడా పెరుగు తేలిగ్గా అరుగుతుంది. చిన్న కప్పు, అంటే నూరు గ్రాముల పెరుగు మధ్యాహ్నం అన్నంలో, ఇంకో కప్పు రాత్రి. రెండూ కలిపితే 240. మజ్జిగ కూడా మంచిదే గానీ నీళ్లు పోసిన కొద్దీ బలం తగ్గుతుంది. పెద్దలకు మజ్జిగ, బిడ్డకు పెరుగు.

మూడోది చిమ్మిలి. నువ్వులు కొంచెం వేయించి, బెల్లంతో దంచి చిన్న ఉండ చేయండి. అందులో పది గ్రాముల నువ్వులు ఉంటే 125 దాకా వస్తుంది. పొట్టు తీసేసి తెల్లగా మెరిసే నువ్వులు అమ్ముతారు, అవి వద్దు. కాల్షియం ఎక్కువగా పొట్టులోనే ఉంటుంది. బిడ్డకు గింజలు గింజలుగా పెట్టొద్దు, మెత్తగా దంచి పెట్టండి. మొదటిరోజు చిటికెడు పెట్టి, ఒంటి మీద దద్దుర్లు ఏమన్నా వస్తాయేమో చూసి తర్వాత పెంచండి.

నాలుగోది మునగాకు. ఒక గుప్పెడు లేత ఆకు, సుమారు పదిహేను గ్రాములు, పప్పులో ఉడికించి మెత్తగా మెదపండి. 45 వస్తుంది. అవిసాకు కాస్త చేదు, కొంచెమే కలపండి. కరివేపాకు ఏరి పారేయకుండా ఎండబెట్టి పొడి చేసి అన్నంలో కలపండి.

ఈ నాలుగూ కూడితే 520. పాలు ఒక్క చుక్క తాగకుండా 500 దాటాం. తల్లి ఇంకా పాలిస్తుంటే అదీ కలుస్తుంది. రెండేళ్లు, ఆ తర్వాత కూడా పాలివ్వొచ్చు. త్వరగా మానిపించాల్సిన పని లేదు.

పెరుగు కూడా తినని బిడ్డ ఉంటాడు. వాడికి జావ రెండు పూటలా ఇవ్వండి. చిమ్మిలి, మునగాకు, ఒక గుడ్డు కలిపితే 400 దాటుతుంది. ఆ మిగిలింది పూడ్చేదే మన చేప.

చేప అంటే పెద్ద చేప ముక్క కాదమ్మా. దాని ముల్లు తీసి పారేస్తాం, కాల్షియం ముల్లులోనే ఉంటుంది. ముల్లుతో సహా తినే చిన్న చేప కావాలి. చింతపండు పులుసులో సన్నని మంట మీద బాగా ఉడికిస్తే ముల్లు మెత్తబడుతుంది. చేత్తో పిసికి, గట్టిది ఏదన్నా తగిలితే తీసేసి, అన్నంలో కలపండి. ఎండు మెత్తళ్లయితే ఉప్పు పోయేదాకా రెండు మూడు నీళ్లలో కడగండి. తల, పొట్ట గిల్లేసి, మళ్లీ ఎండబెట్టి, వేయించి మెత్తగా దంచి జల్లెడ పట్టండి. ఆ పొడి రోజుకు ఒక చిన్న చెంచా చాలు, పప్పన్నంలో కలిపితే బిడ్డకు తెలియను కూడా తెలియదు. మా మనవడు మొట్టమొదట "ఇంకా" అని అడిగింది ఈ అన్నమే. మా అమ్మ ఏమీ అనలేదు, నా వంక చూసి నవ్వింది.

చేప తినని ఇళ్లు కూడా మన సంఘంలో ఉన్నాయి. వాళ్లకు జావ, నువ్వులు, ఆకు ఉన్నాయి. ఎవరి పద్ధతి వాళ్లది.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం, గుడ్లు, పాలు మీ బిడ్డ వాటా. బాలామృతంలో పాలపొడి కలిసే ఉంటుంది. ఆ పాకెట్టు ఇంటిల్లిపాదీ తినేసి, మూడో రోజుకి ఖాళీ చేయొద్దు. పాలు తాగడని ఆ పాలు పెద్దల టీలో పోయొద్దు. జావలో పోసి కాయండి, సేమ్యాలో పోయండి, తోడు పెట్టండి. గ్లాసులో వద్దన్నవాడు గిన్నెలో తింటాడు.

ఇప్పుడు చేయకూడనివి చెబుతాను.

ఒకటి, బలవంతం. ముక్కు మూసి, చేతులు పట్టుకుని పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. బిడ్డకు ఆ తిండి మీద జన్మలో ఇష్టం పుట్టదు. నెలకోసారి చిన్న స్టీలు గ్లాసులో రెండు గుక్కలు మీరు తాగుతూ వాడి ముందు పెట్టండి. తాగితే తాగుతాడు.

రెండు, టీ. పనికి పోయే తొందరలో పొద్దున్నే టీలో బన్ను ముంచి బిడ్డ చేతికిస్తాం. నేనూ ఇచ్చినదాన్నే. దానిలో పాలు నామమాత్రం. ఆకలి చచ్చిపోతుంది, తిన్న తిండిలో ఇనుము ఒంటికి పట్టదు.

మూడు, సున్నం. కాల్షియం అంటే సున్నమే కదా అని తాంబూలం సున్నం నీళ్లలో కలిపి బిడ్డకు పట్టేవాళ్లు ఉన్నారు. వద్దమ్మా. నోరు, గొంతు కాలిపోతాయి. ఆ సున్నం పాకెట్లు కంట్లో చిమ్మితే చూపు పోతుంది. అందకుండా పైన పెట్టండి.

నాలుగు, మందు కొట్టిన చేలల్లో ఆకు. మన తల్లులు పత్తి చేలల్లో, మిరప చేలల్లో కలుపు తీస్తూ దొరికిన చెంచలాకు, తోటకూర ఒడిలో వేసుకుని వస్తారు. ఒకప్పుడు అవి జొన్న చేలు, రాగి చేలు. ఇప్పుడు వారం తిరక్కుండా పురుగు మందు కొడతారు. ఆ ఆకు బిడ్డకు పెట్టొద్దు. ఇంటి దగ్గర పెరిగిన ఆకే పెట్టండి.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. ప్రకాశం వైపు నుంచి వచ్చిన చెల్లెళ్లు ఇక్కడ ఉన్నారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతం నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును మొదట గుర్తించి 1937లో రాసింది ఆ ప్రాంతం గురించే. అప్పటికి ప్రకాశం జిల్లా పుట్టలేదు, అవన్నీ నెల్లూరు జిల్లా ఊళ్లు. కాల్షియం తక్కువ ఉన్న బిడ్డల మీద ఫ్లోరైడు ఇంకా గట్టిగా దెబ్బ తీస్తుంది. కాళ్లు వంకర్లు పోతాయి. అటు ఊళ్లలో ఉన్నవాళ్లు బోరు నీళ్లు కాకుండా శుద్ధి చేసిన నీళ్లే బిడ్డకు తాగించండి, ఆ నీళ్లతోనే జావ కాయండి. మిగతావాళ్లకన్నా మీ బిడ్డలకు ఈ తిండి ఇంకా ఎక్కువ అవసరం.

తిన్న కాల్షియం ఎముకకు చేరాలంటే విటమిన్ డి కావాలి. దాన్ని ఎండ ఇస్తుంది. గుంటూరు ఎండకు కొదవ లేదు, కానీ మనం పనికి పోతూ బిడ్డను గదిలో పెట్టి తలుపు దగ్గరేసి పోతున్నాం. మిరప ఘాటు తగలకూడదని కొందరు, దొంగల భయంతో కొందరు. రోజూ కాసేపు బిడ్డను బయట ఎండలో ఆడుకోనివ్వండి. ఇరుగుపొరుగు అయిదారుగురు తల్లులు కలిసి, ఇంట్లో ఉన్న ఒక అవ్వకు ఆ పని అప్పజెప్పండి.

ఇంటి తిండితో కాని పనులూ ఉంటాయి. పాలు తాగిన ప్రతిసారీ దద్దుర్లు, వాంతులు, విరేచనంలో రక్తం వస్తే, బిడ్డకు పాలు పడవేమో డాక్టరుకు చూపించాలి. నడక వచ్చిన కొత్తలో బిడ్డల కాళ్లు కొంచెం వంగి ఉండటం మామూలే, దానికి భయపడొద్దు. రెండేళ్లు దాటాక కూడా దొడ్డికాళ్లు తగ్గకపోయినా, ఏడాదిన్నర దాటినా నడక రాకపోయినా, మణికట్టు దగ్గర ఎముకలు లావెక్కినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోండి. ఫిట్స్ వస్తే ఒక్క నిమిషం ఆగొద్దు. కాల్షియం సిరప్ మీ అంతట మీరు షాపులో కొని పోయొద్దు. ఎంత పోయాలో డాక్టరు చెప్పాలి.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. బిడ్డ పాలు తాగకపోతే అత్త కోడల్ని అంటుంది, మొగుడు పెళ్లాన్ని అంటాడు. పక్కింటివాళ్లు "మీ జాతిలో పాలు తాగే అలవాటు లేదు గదా" అంటారు. ఆ మాట నా కూతురితో అన్నారు. అది ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ తల్లి తప్పేమీ లేదు, బిడ్డ తప్పేమీ లేదు. ఈసారి ఎవరన్నా అంటే ఇట్లా చెప్పండి: అవును, మా వాళ్లకు పాలు లేవు, అయినా ఎముకలు నిలబడే తిండి మాకు తెలుసు.

సంఘం పిల్లలు బయట మునగ కొమ్మలు తెచ్చి పెట్టారు. వానాకాలం, తడి నేల. కొమ్మ గుచ్చితే నాటుకుంటుంది. ఇంటి ముందు జానెడు చోటు ఉన్నా చాలు. పోయేటప్పుడు తలా ఒకటి తీసుకుపోండి. వచ్చే ఏడు ఇదే సభకు వచ్చినప్పుడు ఆ చెట్టు ఆకుతో వండిన పప్పు ఎవరు తెస్తారో చూస్తాను.

నా మనవడికి ఇప్పుడు నాలుగేళ్లు. అదిగో, వేదిక కింద చిమ్మిలి ఉండతో కూర్చున్నాడు. ఇప్పటికీ పాలు తాగడు. వాడి క్యారేజీలో చేప పొడి అన్నం పెట్టి పంపిస్తున్నాం. మూత తెరవడానికి వాడికి సిగ్గు లేదు. ఆ సిగ్గు వాడికి మనం నేర్పకుండా ఉంటే చాలు.